నీలవేణి టీచరు రెండో శనివారాలు

నీలవేణి టీచరు గొంతు పెంచదు. బెత్తం పట్టదు. నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే చాలు, ముప్పై మంది పిల్లలూ గుండీలు సర్దుకుని నిటారుగా కూర్చుంటారు. శ్రీకాకుళానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ప్రాథమిక పాఠశాలకు తనిఖీకి వచ్చిన అధికారులు, ఆమె తరగతి గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలా అక్కర్లేదా అని ఒక క్షణం తటపటాయించేవారట. ఆ నిశ్శబ్దం అలాంటిది.

అలాంటి నీలవేణికి యమున పుట్టింది.

యమునకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ కథ మొదలైనప్పుడు ఎనిమిది. ఆ పిల్ల అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద వంటింట్లో, రెండోది గుమ్మంలో, మూడోది పక్కింటి మేడమెట్ల మీద. పెన్సిలు చెక్కమంటే పెన్సిలు అయిపోయేదాకా చెక్కుతుంది. మాట వినదని కాదు. సగం వింటుంది, మిగతా సగం తనే కల్పించుకుని పరుగెడుతుంది. "పాలు పొంగుతున్నాయేమో చూడమ్మా" అని తల్లి పంపితే వెళ్ళి, పొయ్యి ముందు నిలబడి, పొంగడం మొదటినుంచి చివరిదాకా ఎంతో ఇష్టంగా చూసి, తిరిగొచ్చి "పొంగిపోనాయమ్మా" అని చెప్పింది.

తండ్రి మురళీమోహన్‌కి అరసవల్లి వెళ్ళే రోడ్డులో ఫ్లెక్సీలు అచ్చేసే షాపుంది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, సంతాపాలు, అన్నీ ఒకే మిషన్‌లోంచి వస్తాయి. నెమ్మదస్తుడు. ఆ నెమ్మదే నీలవేణికి మండించేది.

యమున చదివే ప్రైవేటు స్కూలు నుంచి రోజూ ఫోను వచ్చేది. "మేడమ్, మీ పాప" అని మొదలయ్యేది. ఆ రెండు మాటలు వినగానే నీలవేణికి మెడ వెనక నరం పట్టేసేది. బంధువుల ఇళ్ళల్లో ఏ శుభకార్యమైనా, టీచరయ్యుండి సొంత పిల్లని కుదురుగా కూర్చోబెట్టలేకపోయిందనే మాట భోజనాలకు ముందే ఆమె చెవిన పడేది. దాంతో ఆమె శుభకార్యాలు మానేసింది. తర్వాత పక్కింటి వాళ్ళతో మాటలు మానేసింది. ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య రెండే మాటలు మిగిలాయి. "ఇదంతా మీ వైపు పోలిక" అనేది ఆమె. "కాదు, మీ వైపుదే" అనేవాడు అతను. ఇద్దరిదీ మేనరికం. ఏ వైపు నుంచి వెతుక్కుంటూ వెళ్ళినా చివరికి ఒకే తాత దగ్గర తేలేవారు. అయినా వాదన ఆగేది కాదు.

ఆ సెప్టెంబరులో ప్రైవేటు స్కూలువాళ్ళు యమునని మూడు రోజులు ఇంట్లో ఉంచుకోమన్నారు. ఒక్క పీరియడ్‌లో నాలుగుసార్లు కిటికీలోంచి బయటికి దిగి, చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరకొచ్చి, చెయ్యి చాపి "మే ఐ కమిన్ మేడమ్" అని అడిగిందట. చేసేది లేక నీలవేణి కూతుర్ని తన బడికే తీసుకెళ్ళింది. ఆ రోజు హెడ్‌మాస్టరు సెలవు. బడి బాధ్యత ఆమెదే.

పదకొండు దాటి పది నిమిషాలకు, మూడో తరగతికి తీసివేతలు చెబుతుండగా, బడి గంట మోగింది. ఒకటీ రెండూ కాదు, ఆగకుండా, ఇంటికి పంపే గంట.

నీలవేణి చాక్‌పీసు పట్టుకుని వెనక్కి తిరిగేసరికి తరగతిలో ఎవరూ లేరు. వరండాలోకి వచ్చి చూస్తే ఆవరణలో ధూళి, ధూళి మధ్యలో ఒంటరిగా ఒక చెప్పు. ఎనభై నాలుగు మంది పిల్లలు గేటు దాటి, పొలంగట్ల మీదా రోడ్డు మీదా నాలుగు దిక్కులకూ చెదిరిపోతున్నారు. వేలాడదీసిన ఇనుప పట్టా కింద యమున నిలబడి ఉంది. చేతిలో సుత్తి. మొహంలో వెలుగు.

"ఎంత బాగా మోగినాదో సూసినావా అమ్మా" అంది.

వంటపాక లోంచి గురమ్మ గరిటెతో బయటికి వచ్చింది. మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. ఖాళీ బడిని, నీలవేణిని, మళ్ళీ బడిని చూసింది.

"ఏటి టీచరమ్మా, ఇయాల సెలవేటి? ముందల సెప్పకపోతే ఎలగ? నాను ఎనభై నాలుగు గుడ్లు ఉడకబెట్టీసినాను."

నీలవేణి, ఇంకో టీచరు, గురమ్మ ముగ్గురూ ఊళ్ళోకి పరుగెత్తారు. ఇల్లిల్లూ తిరిగి, "పొరపాటున మోగిందండీ, పిల్లల్ని పంపండి" అని బతిమాలారు. గంట మోగాక మళ్ళీ బడేమిటని పిల్లలు ధాన్యం గాదెల వెనక నక్కారు. చివరికి గురమ్మ ఉపాయం కనిపెట్టింది. వీధి మధ్యలో నిలబడి, గరిటె పైకెత్తి, "గుడ్లు సల్లారిపోతన్నాయి" అని ఒక్క కేక వేసింది. పది నిమిషాల్లో అందరూ వచ్చేశారు. నీలవేణి లెక్కపెడితే ఎనభై ఆరు మంది తేలారు. ఆ ఇద్దరూ ఏ రిజిస్టరులోనూ లేరు. అయినా వాళ్ళకీ వడ్డించారు. తమకని విడిగా ఉంచుకున్నవాటిలో ఒక గుడ్డు నీలవేణిది, ఒకటి గురమ్మది.

భోజనాలయ్యాక నీలవేణి బియ్యం బస్తాల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చింది. గురమ్మ వెనకే వచ్చి పక్కన కూలబడింది.

"ఏల ఏడస్తన్నావమ్మా? మా మరిది కొడుకూ ఇలగే ఉండీవోడు. సిక్కోలులో ఒక డాట్రమ్మ ఉన్నాది, అనూరాధమ్మని. ఆవిడికి సూపించినారు. ఇప్పుడు బానే సదువుతన్నాడు. పిల్లని తిట్టీ పనీ నేదు, నువ్వు ఏడిసీ పనీ నేదు. బేగి తీసుకెల్లు."

డాక్టర్ అనూరాధ పిల్లల మానసిక వైద్యురాలు. యమునతో గంటసేపు ఆడింది, మాట్లాడింది, స్కూలు టీచర్ల చేత కూడా కాగితాలు నింపించింది. మూడోసారి వెళ్ళినప్పుడు ఏడీహెచ్‌డీ అని చెప్పింది.

"మెదడు పనిచేసే తీరులోనే తేడా ఉంటుంది. శ్రద్ధ ఒకచోట నిలవదు, ఆలోచన కంటే చెయ్యి ముందు వెళ్ళిపోతుంది. ఇది పొగరు కాదు, మీ పెంపకంలో లోపం కాదు. మందుంది, శిక్షణ ఉంది. పాప సంగతి నేను చూస్తాను" అని, రెండు కాగితాలు తీసి చెరొకటి ఇచ్చింది. "ఇవి మీకు. ఇలాంటి పిల్లల ఇళ్ళల్లో పిల్లలకంటే ముందు అమ్మానాన్నలు పడిపోతారు."

కాగితంలో ఇరవై ప్రశ్నలున్నాయి. మీకు ఊరికే కోపం వస్తోందా, నిద్ర చెడుతోందా, ఒంటరిగా అనిపిస్తోందా, ఇలాంటివి. ఒక్కోదానికి 'ఎప్పుడూ లేదు' నుంచి 'ఎల్లప్పుడూ' దాకా ఐదు గళ్ళు. నీలవేణి జీవితంలో ఏ పరీక్షలోనూ తప్పిన మనిషి కాదు. కాగితం సరిచేసుకుని, ఇరవైకి ఇరవై 'ఎప్పుడూ లేదు' దగ్గర ఒకే కొలతలో టిక్కులు పెట్టింది. పక్క కుర్చీలో మురళీమోహన్ ఇరవైకి ఇరవై 'ఎల్లప్పుడూ' అని పెట్టాడు.

అనూరాధ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా?" అని అడిగింది.

మురళీమోహన్ పెళ్ళాం కాగితంలోకి తొంగి చూశాడు. "ఒసే నీలా, నీకు నిద్ర బాగా పడతన్నాదా? మరి రోజూ నన్ను తన్ని లేపీదెవులు?"

నీలవేణి పెదవులు బిగబట్టింది. బిగబట్టిన కొద్దీ లోపల ఏదో కదిలింది. మామూలుగా ఆమె పుస్తకంలోలా మాట్లాడుతుంది. కోపమొచ్చినా నవ్వొచ్చినా మాత్రం పుట్టింటి మాట తన్నుకొచ్చేస్తుంది. "తన్నీది నాను కాదు బావా, నా కాలు" అని, తను అన్న మాటకు తనే నవ్వడం మొదలుపెట్టింది. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత భుజాలతో. కుర్చీ ఊగింది. పెన్ను కింద పడింది. తీయడానికి వంగి అక్కడే ఉండిపోయి నవ్వింది. ఆ నవ్వు చూసి మురళీమోహన్‌కీ ఆగలేదు. అదే సమయానికి కాంపౌండరు తలుపు తోసుకుని వచ్చి, "మేడమ్, బయట గొడవగా ఉన్నాది" అన్నాడు. యమున గుమ్మం దగ్గరున్న రోగుల చెప్పులన్నీ రంగుల వారీగా వరస పెట్టేసిందట. నల్లవి, గోధుమవి, నీలంవి, వరస మెట్లు దిగి రోడ్డుదాకా వెళ్ళిందట. చివరన ఒంటరిగా ఒక గులాబీరంగు చెప్పు. దాని జత ఎవరికీ దొరకడం లేదు. అది విని నీలవేణి బల్ల మీద తల వాల్చేసింది. ఏడుస్తోందేమోనని మురళీమోహన్ వంగి చూశాడు. ఏడవడం లేదు.

"మంచిది. మీరు రెండో శనివారం రండి" అంది అనూరాధ.

ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు నెలకొకసారి అనూరాధ క్లినిక్‌లో కలుస్తారు. నీలవేణి దంపతులు వెళ్ళిన మొదటి రోజు పది మంది దాకా గోడల వారగా బ్యాంకులో టోకెను తీసుకున్నవాళ్ళలా కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహం చూడరు. పిల్లల్ని వేరే గదిలో ఆడిస్తున్నారు. మీ ఇబ్బందులు చెప్పండని అనూరాధ అంటే, తలా ఒకసారి దగ్గారు.

అప్పుడు మూలనుంచి ఒకావిడ చీరకొంగు నడుముకు దోపింది. పేరు మరిడమ్మ. భావనపాడు నుంచి వచ్చింది. మొగుడు దాలయ్య సముద్రం మీద వేటకు వెళతాడు. వాళ్ళ కూతురు ఝాన్సీకి పదేళ్ళు.

"మా గుంట ఏటి సేసినాదో నాను సెప్తాను. ఈయన పడవ దిగి, సేపలు గట్టు మీద పోసినాడు. యేలం పాట మొదలైనాది. ఎవుడో ఒక రేటు సెప్పినాడు. ఎనకనుంచి ఇంకో గొంతు పెంచినాది. ఆడు పెంచితే ఆ గొంతు మల్లీ పెంచినాది. గుంపులో మడిసి కనబడదు, గొంతు మాత్రం ఇనబడతాది. ఆకరికి పాట ఆ గొంతుకే కొట్టీసినారు. ఎవులా అని జనం పక్కకి తప్పుకుంటే మా ఝాన్సీ. మా సేపలు మాకే అమ్ముడైపోనాయి."

"వారం రోజులు మూడు పూటలా సేపల కూరే" అన్నాడు దాలయ్య, చాలా గంభీరంగా.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. ఆ నవ్వు సద్దుమణగకముందే మురళీమోహన్ లేచాడు. ఒక చోటా నాయకుడి పుట్టినరోజుకు పెద్ద ఫ్లెక్సీ చేశాననీ, కింద వరసలో అభిమానుల గుండ్రటి ఫోటోలు ఇరవై రెండు పెట్టాననీ, తను టీ తాగొచ్చేలోపు యమున కంప్యూటరు ముందు కూర్చుని ఇరవై మూడోది పెట్టేసిందనీ చెప్పాడు. నాలుక బయటపెట్టిన తన ఫోటో. రెండు రోజులు ఆ ఫ్లెక్సీ సెంటర్లో వేలాడింది. ఎవరూ పోల్చుకోలేదు. పైగా ఆ నాయకుడే ఫోన్ చేసి, బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు.

నీలవేణి ఇది ఇప్పుడే వింటోంది. "నాకు సెప్పలేదేటి బావా?"

"సెప్తే మీ వైపు పోలిక అంటావని."

అప్పుడు నీలవేణి లేచి నిలబడింది. తరగతిలో నిలబడినట్టే, చేతులు కట్టుకుని, "ఆ రోజు ప్రధానోపాధ్యాయులు సెలవులో ఉన్నారు" అని మొదలుపెట్టింది. గంట దగ్గరికి వచ్చేసరికి చేతులు విడిపోయాయి. గురమ్మ గరిటె దగ్గరికి వచ్చేసరికి పుస్తకం భాష పూర్తిగా పోయింది. "ఎనభై ఆరు మంది తేలినారు" అనేసరికి మరిడమ్మ కుర్చీలోంచి జారి కింద కూర్చుంది. అనూరాధ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. బస్తాల గదిలో ఏడ్చిన సంగతీ నీలవేణి చెప్పింది. అక్కడ ఎవరూ నవ్వలేదు. మరిడమ్మ కిందనుంచే చెయ్యి చాపి ఆమె పాదం మీద వేసి, "నాను ఉప్పుసేపల పాకలో ఏడుస్తానమ్మా" అంది. దానికి మాత్రం నీలవేణికే నవ్వొచ్చింది.

అనూరాధ ఒక్కటే నియమం పెట్టింది. నవ్వుకోవలసింది మన అవస్థకి, పిల్లల్ని చూసి కాదు. ఇక్కడి మాట బయటికి పోకూడదు.

మరుసటి నెల మురళీమోహన్ చంకలో ఒక చుట్టతో వచ్చాడు. విప్పితే మూడడుగుల ఫ్లెక్సీ. మధ్యలో నీలవేణి ఫోటో, తల వెనక సూర్యకిరణాలు, నాలుగు మూలలా తామరపూలు. పైన 'ఈ నెల వీరమాత' అని బంగారు రంగు అక్షరాలు. కింద గుండ్రటి ఫోటోల్లో మరిడమ్మ, దాలయ్య, మిగతావాళ్ళు. వాళ్ళ కింద 'ఇట్లు, తోటి బాధితులు'. పరువు కోసం ప్రాణం పెట్టే నీలవేణి దాన్ని చూసి పావుగంట మొగుడితో మాట్లాడలేదు. పదహారో నిమిషంలో "జుత్తు కొంచెం సరిసెయ్యవలసింది" అంది.

అప్పటినుంచి ప్రతి రెండో శనివారం ఒక వీరమాతో, వీరపితో తేలేవారు. ఇంట్లో పిల్ల ఏదైనా చేస్తే నీలవేణికి కోపం వచ్చేది, కానీ దాని వెనకే, ఈ నెల మనదే అనే ఆలోచన కూడా వచ్చేది. మందు యమునకి పనిచేస్తోంది. కొత్తలో ఆకలి తగ్గితే డాక్టరు మోతాదు మార్చింది. ఒక్కో పనికి ఒక్కో బొమ్మ గీసి గోడకు అంటించారు. పళ్ళు తోముకునే బొమ్మ, సంచి సర్దుకునే బొమ్మ. యమున వాటికి మీసాలు పెట్టింది, కానీ పళ్ళు తోముకుంది.

ఫిబ్రవరిలో మరిడమ్మ అందర్నీ భావనపాడు రమ్మంది. పిల్లలతో సహా. రెండు వ్యాన్లలో వెళ్ళారు, అనూరాధ కూడా. దాలయ్య సరుగుడు చెట్ల నీడలో పొయ్యి పెట్టి చేపలు వేయిస్తున్నాడు. మురళీమోహన్ రెండు చెట్ల మధ్య ఆ నెల ఫ్లెక్సీ కట్టాడు. ఆ పొరపాటు అతనిదే. ఝాన్సీ దాని ముందు నిలబడి కూడబలుక్కుని చదివింది.

"తోటి బాదితులంటే ఎవులు? ఎవులు బాదినారు?"

పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అబద్ధం చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదు. చివరికి అనూరాధే ఉన్నమాట చెప్పింది. పిల్లలు ఒక మూలకు పోయి గుసగుసలాడారు. యమున ముందుకొచ్చింది.

"మా గురించి మీరు సెప్పుకుంటే, మీ గురించి మేం సెప్తాం."

అన్యాయం అనడానికి వీల్లేదు. పెద్దవాళ్ళు ఇసుకలో వరసగా కూర్చున్నారు. ఝాన్సీ తిరగేసిన పడవెక్కి, తండ్రి నడిసముద్రంలో సొరచేపను చూసి బెదరడనీ, ఇంట్లో బల్లిని చూస్తే మంచమెక్కి "మరిడీ" అని అరుస్తాడనీ చెప్పింది. దాలయ్య చేపలు తిరగేయడంలో మునిగిపోయాడు.

తర్వాత యమున ఎక్కింది. వాళ్ళమ్మ ఎవరిదో పెళ్ళికార్డులో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, తెచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చేసిందని చెప్పింది. ఒకరోజు తనని స్కూల్లో దింపడానికి స్కూటీ మీద బయలుదేరి, స్కూలు గేటు ముందు ఆపి, "దిగు" అందనీ, వెనక ఎవరూ లేరనీ, అప్పటికి తను ఇంటి గుమ్మంలోనే షూ లేసు కట్టుకుంటూ ఉన్నాననీ చెప్పింది.

"నాలుగు కిలోమీటర్లు. దారంతా నాతో మాటాడతా ఎల్లినాదట" అంది.

అనూరాధ నీలవేణి వైపు వంగింది. "మీకూ ఒక ఏడీహెచ్‌డీ ఫారం ఇవ్వమంటారా?"

మరిడమ్మ ఇసుకలో పొర్లుతోంది. నీలవేణి కొంగు నోట్లో కుక్కుకుంది. యమున ఇంకా దిగలేదు.

"ఓసారి స్కేలుతో కొట్టినాది. కొట్టీసి తనే ఏడిసినాది. నాకు జాలేసి, మల్లీ ఏడవకుండా ఆ స్కేలు దాసీసినాను."

ఈ సంగతి నీలవేణి ఏ రెండో శనివారమూ చెప్పలేదు. బడిలో ఎవరి మీదా చెయ్యి ఎత్తని మనిషి. మొహం పాలిపోయింది. "స్కేలు ఎక్కడ దాచావమ్మా?" అంది.

యమున ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, కనుబొమ్మలు ముడిచి. "గుర్తు నేదు" అంది.

మొదట నవ్వింది నీలవేణే. లేచి వెళ్ళి కూతుర్ని పడవ మీదనుంచి ఎత్తుకోబోయింది. తొమ్మిదేళ్ళు నిండవస్తున్న పిల్ల, బరువు. ఇద్దరూ కలిసి ఇసుకలో పడ్డారు. లేచేలోపు యమున చెయ్యి విడిపించుకుని నీళ్ళవైపు పరుగు. వెనక నీలవేణి. ఆ వెనక ఝాన్సీ, ఇంకా అందరూ. నీలవేణి గంజిపెట్టిన నేతచీర మోకాళ్ళదాకా తడిసింది, తర్వాత నడుందాకా. ఒక అల వచ్చి ఆమెను మొత్తానికి కూర్చోబెట్టేసింది. "సేపలు సల్లారిపోతన్నాయి" అని దాలయ్య మూడుసార్లు పిలిచినా ఎవరూ రాలేదు. నాలుగోసారి తనే పొయ్యి వదిలేసి నీళ్ళలోకి వచ్చేశాడు. కుక్కలు నాలుగు చేపలు తినిపోయాయని తర్వాత తెలిసింది.

ఈ జూన్‌లో యమున నాలుగో తరగతికి స్కూలు మారింది. కొత్త టీచరుకి నీలవేణి ముందే అన్నీ చెప్పింది. కాళ్ళు ఆగకపోతే హాజరు పుస్తకం ఆఫీసులో ఇచ్చి వచ్చే పని యమునది. రోజూ వచ్చే ఫోను వారానికొకటి అయింది. వస్తే నీలవేణికి ఇప్పటికీ మెడ పట్టేస్తుంది. కొన్ని రోజులు కోపం వస్తుంది, కొన్ని రోజులు బాగా అలిసిపోయి పిల్లని మొగుడికి అప్పజెప్పి మేడ మీద ఒక అరగంట ఒంటరిగా కూర్చుంటుంది. ఆ అరగంట ఎవరూ పిలవకూడదని అనూరాధ చీటీలో మందులతో పాటు రాసిచ్చింది.

మొన్నటి రెండో శనివారం ఒక కొత్త జంట కొడుకుని తీసుకుని వచ్చింది. ఆవిడ పేరు తులసి. గోడవారగా కూర్చుని చేతిసంచి ఒళ్ళో పట్టుకుని నేల చూస్తోంది. నీలవేణి కుర్చీ లాక్కుని వెళ్ళి పక్కన వేసుకుంది, టీ అందించింది.

"సెప్పమ్మా, ఏటి సేసినాడు?"

తులసి కళ్ళు తుడుచుకుంది. "మా మావగారి కట్టుడుపళ్ళు..." అని ఆగింది.

మరిడమ్మ ఆ మూలనుంచి కుర్చీతో సహా జరిగి వచ్చేసింది. "ఊ. కట్టుడుపళ్ళు?"